మన పంట – మన పెనము: అట్ల రకములు, పోయు విధానము
(రైతు దంపతుల శిక్షణ తరగతిలో గృహ విజ్ఞాన విభాగము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు ఇంతవరకు విత్తనమును గూర్చి, ఎరువులను గూర్చి, చీడపీడలను గూర్చి విన్నారు. పంట ఇంటికి వచ్చిన తరువాతి సంగతి చెప్పుట నా వంతు. నేను ఎన్నుకొన్న విషయము అట్లు. ఇది వంటింటి ముచ్చట గదా, రైతుల సభలో దీనికేమి పని యని కొందరికి తోచవచ్చును. అట్టు పోయుటకు ఏమేమి కావలెనో ఒక్కసారి లెక్క వేయండి. మినుములు, పెసలు, బియ్యము, జొన్నలు, రాగులు, కొర్రలు, మిరపకాయలు, అల్లము, ఉల్లిపాయలు, నూనె. ఉప్పు తప్ప తక్కినవన్నియు చేలో పండునవే.

అయినను మినుములు పండించు గ్రామములలోనే రుబ్బిన పిండి పొట్లము అంగడిలో కొని తెచ్చుకొను ఇండ్లు నేడు కనబడుచున్నవి. కళ్లములోని గింజ యావత్తు మార్కెట్టు యార్డుకు పోవుచున్నది. అక్కడ నాలుగు చేతులు మారి, పప్పుగా మారి, పిండిగా మారి, ప్రతి చేతిలోను కొంత ఖరీదు కలుపుకొని తిరిగి మన పెనము మీదికే వచ్చుచున్నది. కావున నేను ముఖ్యముగా మనవి చేయునది ఒక్కటే. ఇంటిల్లిపాదికి ఏడాదికి అట్లకు కావలసిన గింజను కళ్లములోనే తీసి ఉంచుకొనండి. దానితో ఎన్ని రకముల అట్లు పోసుకొనవచ్చునో, ఎంత గింజ తీయవలెనో, ఎట్లు దాచవలెనో వరుసగా చెప్పెదను.

అట్టులోని బలము

అట్టు మనకు కొత్తది కాదు. 12వ శతాబ్దములో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసము'లో 'ధోసకము' అను వంటకము పేర్కొనబడినది. ఆశ్వయుజ బహుళ తదియనాడు మన ఆడపడుచులు అట్లతద్ది నోచి అట్లనే వాయనమిచ్చుచున్నారు. ఇతర దేశముల రైతులు కూడ తమ చేలో పండిన గింజతోనే అట్టు పోసుకొనుచున్నారు. ఇథియోపియాలో టెఫ్ అను సన్నని చిరుధాన్యపు పిండిని పులియబెట్టి 'ఇంజెరా' యను పెద్ద అట్టు పోయుదురు. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతములో బక్‌వీట్ అను గింజ పిండితో పలుచని అట్లు పోయుదురు. ఎక్కడ ఏ గింజ పండిన అక్కడ ఆ గింజతోనే అట్టు.

మన అట్టులో ఒక విశేషమున్నది. ఇందులో ధాన్యము, పప్పు రెండును కలియుచున్నవి. మాంసకృత్తులలో లైసిన్ అను భాగము బియ్యములో తక్కువ, మినుములలోను పెసలలోను ఎక్కువ. మిథియోనిన్ అను మరొక భాగము పప్పులలో తక్కువ, బియ్యములో కొంత నయము. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటు మరొకటి తీర్చును. ఒక పూట లెక్క చూడండి. అయిదుగురున్న ఇంట పావు కిలో మినపప్పు, అర కిలో బియ్యము కలిపి రుబ్బిన సుమారు 20 అట్లు వచ్చును. మినపప్పులో నూటికి 23 పాళ్లు, బియ్యములో 8 పాళ్లు మాంసకృత్తులున్నవి. అనగా మనిషికి దాదాపు 20 గ్రాములు అందును. అదే ముప్పావు కిలో బియ్యము వండి పచ్చడితో తినిన, బియ్యము నుండి మనిషికి 12 గ్రాములే వచ్చును.

పిండి ఏల పులియును?

మినపపిండి పులియుటకు మందేమియు అక్కరలేదు. పప్పుతోనే అంటియుండు సూక్ష్మజీవులు తడి తగిలినప్పుడు పెరిగి, పిండిలోని చక్కెరలను తిని, పులుపును, బొగ్గుపులుసు గాలిని పుట్టించును. మినుములోని జిగురు ఆ గాలిని బయటికి పోనీయక పట్టియుంచును. అందువలననే పిండి పొంగును, అట్టుకు చిల్లులు పడును. పెసరపిండికిగాని సెనగపిండికిగాని ఇంతటి జిగురు లేదు.

పులియుట వలన రుచి మాత్రమే కాదు, ఆరోగ్యమునకు మేలును కలదు. గింజలలో ఇనుమును, జింకును ఒంటికి అందనీయక పట్టియుంచు ఫైటిక్ ఆమ్లము కొంత తగ్గును. పిండి తేలికగా అరుగును.

వేసవిలో పిండి 6 నుండి 8 గంటలలో పులియును. చలికాలములో 12 గంటలు దాటినను పులియకపోవచ్చును. అప్పుడు గిన్నెను పొయ్యి గట్టు దగ్గర వెచ్చగా ఉంచి, గోనెపట్టా కప్పవలెను. గిన్నెలో సగమునకు మించి పిండి పోయరాదు, పొంగి కారిపోవును. రుబ్బునప్పుడు పిండి వేడెక్కకుండ చల్లని నీరు చిలకరించవలెను. రుబ్బురోలు అయిన నేమి, గ్రైండరు అయిన నేమి, పప్పు వెన్నవలె నలుగవలెను. రుబ్బుటకు మగచేయి పనికిరాదని ఏ శాస్త్రములోను లేదు. సోదరులు ఈ సంగతి గమనింపగలరు.

కొన్ని ముఖ్యమైన అట్లు

కొలతకు ఇంటిలోని గిన్నె ఏదైనను చాలును. అన్నిటిని ఒకే గిన్నెతో కొలువవలెను.

1. మినపట్టు: మినపప్పు 1 గిన్నె, బియ్యము 2 గిన్నెలు, మెంతులు అర చెంచా. అట్టు మెత్తగా కావలెనన్న ఈ పాళ్లు, కరకరలాడవలెనన్న బియ్యము 3 గిన్నెలు. పప్పును, బియ్యమును విడివిడిగా 5 గంటలు నానబెట్టి, పప్పును మెత్తగాను, బియ్యమును కొద్ది పలుకుగాను రుబ్బి, ఉప్పు వేసి చేతితో బాగుగా కలిపి రాత్రంతయు ఉంచవలెను. పొట్టు మినపప్పు వాడిన పొట్టునంతయు కడిగివేయ పనిలేదు. కొంత పొట్టు ఉన్న అట్టు రంగు తగ్గునేగాని రుచి తగ్గదు, పీచుపదార్థము మిగులును.

2. పెసరట్టు: పొట్టుతో ఉన్న పెసలు 2 గిన్నెలు, బియ్యము గుప్పెడు. 6 గంటలు నానిన తరువాత పచ్చిమిరపకాయలు, అల్లము, జీలకర్ర, ఉప్పు చేర్చి కొంచెము బరకగా రుబ్బవలెను. దీనిని పులియనీయరాదు. రుబ్బిన వెంటనే పోసిననే పచ్చి పెసర కమ్మదనము నిలుచును. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు, జీలకర్ర చల్లి, అల్లపు పచ్చడితో తినవలెను. కృష్ణా, గుంటూరు ప్రాంతములలో లోపల ఉప్మా పెట్టి మడుచుట వాడుక. పెసలను నానిన తరువాత గుడ్డలో కట్టి ఒక రాత్రి మొలకెత్తించి రుబ్బిన ఇంకను మేలు.

3. దిబ్బరొట్టె: గోదావరి జిల్లాలవారికి దీనిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. మినపప్పు 1 గిన్నె, బియ్యపు రవ్వ 2 గిన్నెలు. రుబ్బిన పిండిలో నానిన రవ్వను నీరు పిండి కలుపవలెను. పిండి గట్టిగా ఉండవలెను. దళసరి మూకుడులో నూనె వేసి, రెండు వ్రేళ్ల మందమున పిండి పోసి, మూత పెట్టి, సన్నని సెగపై 15 నుండి 20 నిమిషములు ఉంచి, అడుగు ఎర్రబడిన తరువాత తిరుగవేయవలెను. తొందరపడిన లోపల పచ్చిగా ఉండును. చెరకు పానకముతో దీనికి సరిజోడు.

4. రాగి అట్టు: ఉత్తరాంధ్రలో చోళ్లనియు, తెలంగాణములో తైదలనియు పిలుచునవి ఇవే. రాగిపిండి 3 గిన్నెలు, మినపప్పు 1 గిన్నె. మినపప్పును రుబ్బి రాగిపిండి కలిపి రాత్రి పులియబెట్టవలెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము ఉన్నది. తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాముల లోపే. ఎదుగు పిల్లలకు, బాలింతలకు, వృద్ధులకు ఈ అట్టు వారమునకు ఒక పూటయైనను పెట్టవలెను.

5. కొర్ర అట్టు: కొర్రబియ్యము 3 గిన్నెలు, మినపప్పు 1 గిన్నె, మెంతులు చెంచా. మినపట్టు వలెనే రుబ్బి పులియబెట్టవలెను. తినువారికి చెప్పకున్న బియ్యపు అట్టుకు, దీనికి భేదము కనిపెట్టుట కష్టము. మాంసకృత్తులు బియ్యములో కన్న కొర్రలలో ఎక్కువ. మర పట్టించునప్పుడు పై పొట్టు మాత్రము పోవలెను. తెల్లగా మెరయువరకు పాలిషు పట్టించిన లాభము పోవును.

6. జొన్న అట్టు: జొన్నపిండి 2 గిన్నెలు, మినపప్పు 1 గిన్నె. జొన్నలో గోధుమకున్న బంక లేదు కావున అట్టు విరుగును. పెద్దగా పలుచగా పోయక, అరచేయంత పోసి, మూత పెట్టి, అంచులు తమంతట తామే లేచిన తరువాతనే తిరుగవేయవలెను. సజ్జపిండితోను ఇట్లే పోయవచ్చును గాని, సజ్జలో కొవ్వు ఎక్కువగుటచే పిండి కొద్ది దినములకే చేదెక్కును. ఎప్పటికప్పుడు పట్టించుకొనవలెను.

7. పుల్లట్టు: మిగిలిన మజ్జిగ పులిసిపోయినదని పారబోయకండి. 3 గిన్నెల బియ్యమును, చెంచాడు మెంతులను పుల్లమజ్జిగలో నానబెట్టి రుబ్బి, రాత్రి ఉంచి, ఉదయము పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పోయవలెను. మూత పెట్టి ఒక్క ప్రక్కనే కాల్చిన చిల్లులతో మెత్తగా వచ్చును. ఇందులో పప్పు లేదు కావున ప్రక్కన పప్పుల పొడియైనను, వేరుశనగ పచ్చడియైనను ఉండవలెను.

8. ఎర్రకారపు దోసె: రాయలసీమవారి ప్రీతి. మినపట్టు పిండినే పలుచగా పోసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి నూరిన ఎర్రకారము పూసి, పైన పుట్నాల పొడి చల్లి మడుచుదురు.

9. సర్వపిండి: వరంగల్లు, కరీంనగరము ప్రాంతములలోని గిన్నెప్ప. ఇది గరిటెతో పోయునది కాదు, చేతితో తట్టునది. బియ్యపు పిండి 2 గిన్నెలు, నానిన సెనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు, నువ్వులు, వెల్లుల్లి, కారము, కరివేపాకు, తరిగిన ఉల్లికాడలు కలిపి ముద్దచేసి, నూనె రాచిన చల్లని గిన్నెలో తట్టి, వ్రేలితో గుంటలు పెట్టి, గుంటలలో నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగపై కాల్చవలెను. పొలమునకు మూటకట్టి తీసికొనిపోవుటకు దీనికన్న వీలైనది లేదు.

10. బెల్లపు అట్టు: గోధుమపిండి 2 గిన్నెలు, బియ్యపు పిండి అర గిన్నె, కరగించి వడగట్టిన బెల్లము 1 గిన్నె, ఏలకుల పొడి, కొబ్బరి తురుము. బెల్లము త్వరగా మాడును కావున మంట తగ్గించి పోయవలెను.

పెనము, మంట, కొన్ని చిక్కులు

ఇనుప పెనము అన్నిటికన్న మేలు. కొత్త పెనమును కడిగి, నూనె రాచి, సన్నని సెగపై కాచి, చల్లార్చి, మరల నూనె రాయవలెను. ఇట్లు మూడు నాలుగు దినములు చేసిన పదునెక్కును. అట్ల పెనమును అట్లకే ఉంచవలెను. కూరలు వేయించిన పదును పోవును. నీటి చుక్క వేసిన చుయ్యిమని చిందులు త్రొక్కి ఆవిరియైన పెనము సిద్ధమైనదని గుర్తు. ప్రతి అట్టుకు ముందు సగము కోసిన ఉల్లిపాయతో నూనె రుద్దవలెను.

అట్టు పెనమునకు అంటుకొనిన, పెనము చాలినంత కాగలేదనియైనను, పదును పోయినదనియైనను గ్రహించవలెను. గరిటెతో త్రిప్పునప్పుడు పిండి ముద్దకట్టి గరిటెతో వచ్చిన, పెనము మితిమీరి కాగినది, కొంచెము నీరు చల్లి తుడువవలెను. అట్టు రేకువలె గట్టిగా వచ్చిన మినపప్పు పాలు చాలలేదు, రెండవసారి పెంచవలెను. పిండి ఎక్కువ పులిసిన దానిలో కొంచెము బియ్యపు పిండి, ఉల్లిపాయలు కలిపి దళసరి అట్లు పోసిన సరిపోవును. రంగు మారి బూజు కనిపించిన పిండిని మాత్రము నిస్సంకోచముగా పారవేయవలెను.

ఏడాదికి ఎంత గింజ?

ఇప్పుడు అసలు లెక్కకు వచ్చెదను. అయిదుగురున్న ఇంట వారమునకు రెండు పూటలు మినపట్టు, ఒక పూట పెసరట్టు, ఒక పూట రాగి అట్టుగాని కొర్ర అట్టుగాని పోయుదురనుకొందము.

మినపట్టుకు పూటకు పావు కిలో పప్పు చొప్పున ఏడాదికి 26 కిలోలు. రాగి అట్టులో కలుపు పప్పు మరి 7 కిలోలు. మొత్తము 33 కిలోల పప్పు. పొట్టు, నూక పోగా నూటికి 75 పాళ్లు పప్పు దిగుననుకొనిన, సుమారు 45 కిలోల మినుములు కావలెను. పెసలు పూటకు 300 గ్రాముల చొప్పున 16 కిలోలు. చిరుధాన్యము పూటకు 400 గ్రాముల చొప్పున 21 కిలోలు. వెరసి 82 కిలోలు.

ఒక ఎకరములో 5 క్వింటాళ్ల మినుములు పండినవనుకొనిన, 45 కిలోలు నూటికి తొమ్మిది పాళ్లు. తక్కిన తొంబది యొక్క పాళ్లు నిశ్చింతగా అమ్ముకొనవచ్చును. అప్పుల ఒత్తిడి ఉన్నవారికి ఈ తొమ్మిది పాళ్లును బరువుగానే తోచును, నేను కాదనను. అమ్మినప్పుడు వచ్చు ధర ఒకటి, అదే గింజ పప్పుగా తిరిగి కొనునప్పుడు ఇచ్చు ధర మరొకటి. ఆ రెండు ధరలను కాగితముపై వ్రాసి చూచుకొని నిర్ణయించుకొనండి.

పెసలు, కొర్రలు, రాగులు వేయనివారు గట్లపైనగాని, ఒక మూల నాలుగు సెంట్లలోగాని వేసి చూడవచ్చును. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానము నుండి వచ్చిన ఎల్.జి.జి. 460 పెసర, నంద్యాల స్థానము నుండి వచ్చిన సూర్యనంది కొర్ర రైతులకు తెలిసిన రకములే. మీ నేలకు, మీ కాలమునకు తగిన రకమును సమీప పరిశోధనా స్థానమువారిని అడిగి తెలిసికొనండి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ఆ సంవత్సరము గడచినది గాని ఆ గింజల అవసరము గడువలేదు.

దాచు విధము – జాగ్రత్తలు

అపరాలకు పుచ్చు పురుగు ప్రధాన శత్రువు. ఇది చేలోనే కాయపై గ్రుడ్లు పెట్టి గింజతోపాటు ఇంటికి వచ్చును. కావున తినుటకు తీసిన గింజను పలుచగా పరచి రెండు మూడు దినములు ఎండబెట్టవలెను. పంటి క్రింద 'టక్' మని విరిగిన ఆరినదని గుర్తు. తేమ నూటికి 9, 10 పాళ్లకు మించరాదు. చల్లారిన తరువాత కిలోకు ఒక చెంచా వంటనూనె పట్టించి, గాలి చొరని డబ్బాలోగాని, మూడు పొరల సంచిలోగాని నిండుగా నింపి బిగించవలెను. నెలకొకసారి చూడవలెను. పప్పుగా చేసి దాచిన ఈ పురుగు బాధ తక్కువ.

మూడు హెచ్చరికలు. మొదటిది, మందు పట్టించిన విత్తనము మిగిలినదని ఎన్నడును తినరాదు, కడిగినను విషము పోదు. విత్తనపు సంచిని, తిండిగింజల సంచిని ఒకే చోట పెట్టరాదు. రెండవది, మనుషులు పడుకొను ఇంటిలో గింజల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టరాదు. దాని నుండి వచ్చు వాయువు ప్రాణములు తీయును. మూడవది, పచ్చడికి వాడు వేరుశనగలలో బూజు పట్టినవి, ముడుచుకొనినవి, రంగు మారినవి ఏరి పారవేయవలెను. వాటిలో ఉండు అఫ్లాటాక్సిన్ అను విషము వేయించినంత మాత్రమున పోదు.

ఎవరికి ఎట్లు పెట్టవలెను?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనత ఉన్నదని తేలినది. పండించు చేతులలో ఆడచేతులును ఉన్నవి గదా. అట్టొక్కటే దీనికి మందు కాదు, వైద్యులిచ్చు ఇనుపధాతు మాత్రలు మానరాదు. అయినను పిండిలో గుప్పెడు మునగాకుగాని తోటకూరగాని తరిగి కలుపుట, ప్రక్కన టమాటా పచ్చడిగాని ఉసిరి పచ్చడిగాని పెట్టుకొనుట వలన ఇనుము ఒంటబట్టుటకు తోడ్పాటు కలుగును. అట్టు తిన్న వెంటనే టీ త్రాగుట మానవలెను. టీ ఆ ఇనుమును అందనీయదు. గంటసేపు ఆగి త్రాగవచ్చును.

పసిపిల్లలకు కారము లేకుండ చిన్న అట్టు పోసి నెయ్యి రాయవలెను. మధుమేహము ఉన్నవారు చిరుధాన్యపు అట్టు గదా యని లెక్క లేకుండ తినరాదు. అందులోను పిండిపదార్థమున్నది. చివరి అట్టు వరకు పొయ్యి దగ్గర నిలువబడి, చల్లారిన రెండు అట్లతో సరిపెట్టుకొను ఇల్లాలికి కూడ వేడి అట్టు పోసి పెట్టువారు ఇంట ఒకరుండవలెను. పోయు విధము ఇంతసేపు విన్నారు గనుక, ఇక పోయుట రాదని సోదరులు చెప్పుటకు వీలులేదు.

ఈసారి కళ్లము చేయునప్పుడు, కాటా వేయుటకు ముందే, ఇంటి బస్తాను వేరుగా కట్టి ప్రక్కన పెట్టండి. తక్కినదే బండి కెక్కవలెను.